ప్రపంచమునందలి ప్రాచీన స్నానశాలలు

గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో చరిత్రపాఠము చెప్పుచు, సింధునదీ నాగరికతను వర్ణించుచున్న సమయమున, వెనుకబల్ల మీది బాలుడొకడు లేచి, "మాష్టరుగారూ, ఆ పెద్ద కొలనులో ఎవరెవరు స్నానము చేసేవారండీ?" అని అడిగెను. తరగతి యంతయు నవ్వెను. కొలను పొడవు వెడల్పులను మేము నల్లబల్లపై వ్రాసియుంటిమి. ఇటుకల సంగతియు చెప్పియుంటిమి. ఎవరు స్నానము చేసిరో మాత్రము చెప్పియుండలేదు. పరీక్షలలో ఆ ప్రశ్న వచ్చుట లేదు గనుక మేమును దానిని గుఱించి ఎన్నడు యోచించి యెఱుగము. బాలురు నవ్విరి గాని మేము నవ్వలేకపోతిమి.

నాటినుండి తీరిక దొరికినప్పుడెల్ల దేశదేశముల స్నానశాలలను గుఱించి చదువుచు వచ్చితిమి. ఉపాధ్యాయుని జీతము ఓడప్రయాణములకు చాలదు. పుస్తకములును పటములును మమ్ము ఆయా దేశములకు కొనిపోయినవి. ఎక్కడికి పోయినను రెండే ప్రశ్నలు వేసితిమి. ఇచ్చటి నీరు ఎక్కడనుండి వచ్చి ఎక్కడికి పోవుచున్నది? ఇచ్చటి వాకిట ఎవరు నిలిపివేయబడుచున్నారు? మొదటిది శాస్త్రవేత్త యడుగు ప్రశ్న, రెండవది ఆ బాలుడు అడిగిన ప్రశ్న. ఈ రెంటికిని ఉత్తరము తెలిసినగాని ఏ స్నానశాలను గుఱించియు మనకు పూర్తిగా తెలిసినట్లు కాదని మా యభిప్రాయము. ప్రియ విద్యార్థులారా, మీరును మాతో కూడ రండు.

మొట్టమొదట ఆ బాలుడడిగిన కొలనునే చూతము. ఇప్పుడు పాకిస్తానులో నున్న సింధురాష్ట్రమున, మొహెంజొదారో శిథిలములలో 1925-26 సంవత్సరములయందు త్రవ్వి తీసిన ఈ కొలను సుమారు 39 అడుగుల పొడవు, 23 అడుగుల వెడల్పు, 8 అడుగుల లోతు గలది. నాలుగువేల యేండ్లకు పైబడిన కట్టడము. దిగుటకు రెండు వైపుల మెట్లు గలవు. ఇటుకలను సందు లేకుండ జిప్సము గారతో పేర్చి, నీరు ఊరి పోకుండ వెలుపల శిలాజతువు పూసిరి. ప్రక్కగదిలోని బావినుండి నీరు తోడి నింపెడివారు. వాడిన నీరు ఒక మూలనున్న తూముగుండ పెద్దకాలువలోనికి పోయెడిది. మన మొదటి ప్రశ్నకు ఇంతకంటె చక్కని యుత్తరము నేటి పట్టణములలో సయితము అన్నిచోట్ల దొరకదు. రెండవ ప్రశ్నకో, ఆ ప్రజల లిపిని నేటివరకు ఎవరును చదువలేకపోయిరి గనుక ఇటుకలు మౌనముగానే యున్నవి.

ఇక పడమటికి యెరూషలేమునకు పోదము. యోహాను సువార్త ఐదవ అధ్యాయములోని బేతెస్ద కోనేటి కథ మీరు ఆదివారపు బడిలో వినియున్నదే. ఐదు మంటపములు గల కోనేరు అని అచ్చట చెప్పబడినది. ఐదు మూలలు గల కోనేరు ఎక్కడనైన ఉండునా యని పూర్వము కొందఱు పండితులు శంకించిరి. పందొమ్మిదవ శతాబ్దమునుండి పరిశుద్ధ అన్న దేవాలయము ప్రక్కన జరిగిన త్రవ్వకములలో ఆ చిక్కు విడిపోయినది. ఉన్నది ఒక కొలను కాదు, నడుమ అడ్డుగోడ గల జంటకొలనులు. నలువైపుల నాలుగు మంటపములు, నడిమి గోడమీద ఐదవది. ముప్పది యెనిమిది యేండ్ల రోగి యొకడు ఆ నీటి దాపుననే పడియుండెను. అతని మొఱ నీరు లేదని కాదు. నీరు కదలినప్పుడు తన్ను దింపువా రెవరును లేరని. నీరు ఎదుటనే యుండి, మనుష్యుడు దానిని చేరలేకపోవుట ఒక వింత దాహము. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనితో పని గలదు.

స్నానమును రోమీయులవలె మహాకార్యముగా ఎంచిన జనము మఱియొకటి లేదు. రోమునగరమున కారకల్లా చక్రవర్తి పేర 216వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడిన స్నానశాలలో ఒక్కమారు 1,600 మంది స్నానము చేయవచ్చునని ప్రాచీనులు వ్రాసిరి. బట్టలు విడుచు గది, గోరువెచ్చని గది, వేడి గది, చన్నీటి కొలను, వ్యాయామశాలలు, తోటలు అన్నియు ఒకే ప్రాకారములో నుండెను. రోమునందు సామాన్య స్నానశాలల రుసుము మిక్కిలి చిన్న రాగినాణెము. కొన్నిచోట్ల అదియును లేదు.

గదులు వెచ్చబడు విధము మీరు తెలిసికొనదగినది. నేలను నేరుగా మట్టిపై పఱువక, రెండుమూడడుగుల ఎత్తుగల ఇటుక స్తంభములమీద నిలిపెడివారు. ప్రక్కనున్న పొయ్యిలో కట్టెలు మండించగా వేడిగాలి స్తంభముల నడుమ వ్యాపించి, గోడలలో అమర్చిన మట్టిగొట్టములగుండ పైకి పోయెడిది. నేలయు గోడలును ఒక్కమారే కాగెడివి. నేల యెంత వేడెక్కెడిదనగా, కఱ్ఱచెప్పులు తొడిగికొనక నడుచుట కష్టము. ఆ పొయ్యిలలో కట్టెలు వేయువారు కారకల్లా స్నానశాల క్రింది సొరంగములలో తిరుగు బానిసలు. పైన పాలఱాతి గదులలో ధనికులు పాడుచుండ, క్రింద పొగలో వీరు దగ్గుచుండిరి. వాకిలి అందఱకు తెరచియే యుండెను గాని వాకిళ్లు రెండు విధములు.

హేడ్రియన్ చక్రవర్తిని గుఱించి ఒక ముచ్చట చెప్పుదురు. అతడును సామాన్యులతో కూడ స్నానమాడెడివాడట. ఒకనాడు ఒక ముసలి సైనికుడు తన వీపును గోడకు రాచుకొనుట చూచి, ఎందులకని అడుగగా, "వీపు తోముటకు నాకు బానిస లేడు" అనెనట. చక్రవర్తి జాలిపడి అతనికి బానిసలను, వారి పోషణకు ధనమును ఇచ్చెను. మఱునాడు రాజు వచ్చుసరికి ముసలివారెందఱో వరుసగా గోడలకు వీపులు రాచుకొనుచుండిరి. రాజు నవ్వి, "ఒకరి వీపు ఒకరు తోముకొనుడు" అని యాజ్ఞాపించెనట. కథ నిజమైనను కాకున్నను ఆ యాజ్ఞ మాత్రము బంగారువంటిది.

రాజధానికి దూరముగ, ఇప్పటి పోర్చుగలు దేశమున విపాస్కా అను గనుల ఊరిలో, రెండవ శతాబ్దపు కంచుఫలక మొకటి దొరకినది. అందు ఊరి స్నానశాలను కౌలునకు తీసికొన్నవాడు పాటింపవలసిన నియమములు చెక్కబడినవి. సూర్యోదయమునుండి ఏడవ గంటవఱకు స్త్రీలకు. ఎనిమిదవ గంటనుండి రాత్రి రెండవ గంటవఱకు పురుషులకు. పురుషుని రుసుము అర ఆస్సు, స్త్రీ రుసుము ఒక ఆస్సు. సైనికులకును పిల్లలకును ఉచితము. వేడితొట్టిలో నీరు నియమింపబడిన గుర్తువఱకు పాఱుచుండవలెను. కంచుపాత్రలను ముప్పది దినముల కొకసారి తోమి, గీకి, క్రొత్త కొవ్వు పూయవలెను. తప్పినచో అపరాధరుసుము. పారిశుద్ధ్యమును వ్రాతమూలముగ శాసించిన ఆ బుద్ధిని మెచ్చుకొనవలసినదే. కాని గణితము నేర్చిన బాలికలారా, మీ పూర్వసోదరీమణులు నెలకు ఎంత అధికముగ చెల్లించిరో లెక్కవేయుడు. ఎందుకని మాత్రము ఫలకము చెప్పదు.

రోమీయుల స్నానశాలలు నిజముగ వారిని ఆరోగ్యవంతులను చేసినవా? మొదటి ప్రశ్న మరల వేయవలెను. అప్పటి వైద్యగ్రంథకర్తయైన సెల్సస్, శుభ్రపడని పుండుతో స్నానశాలకు పోయినచో పుండు కుళ్లునని హెచ్చరించెను. మార్కస్ ఔరీలియస్ చక్రవర్తి స్నానమును తలచుకొన్నప్పుడు నూనె, చెమట, మురికి, జిడ్డునీరు మాత్రమే కనబడెనని వ్రాసికొనెను. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరిశోధకుడొకడు రోమునాటి శవములలోను మరుగుదొడ్ల మట్టిలోను దొరకిన క్రిముల గ్రుడ్లను పరీక్షించిన పరిశోధనలను సమీకరించి ప్రకటించెను. ఇన్ని స్నానశాలలు, ఇన్ని కాలువలు ఉండియు, కడుపులోని పురుగులు ముందటికాలముకంటె తగ్గలేదని తేలినది. వేలమంది దిగిన నీటిని ఎన్నాళ్ల కొకసారి మార్చిరో, దానినిబట్టియే ఫలము. పాలఱాయి క్రిములను చంపదు.

537వ సంవత్సరమున గోతులు రోమును ముట్టడించి నగరమునకు నీరు తెచ్చు కాలువలను తెగగొట్టిరి. కారకల్లా స్నానశాల నాటితో ఎండిపోయినది. గోడలు నేటికిని నిలిచియున్నవి; వానిని చూచుటకు జనులు పోవుచున్నారు. మూడువందల యేండ్ల వైభవము నీరు ఆగినదినమే ముగిసెను.

ఇంగ్లాండు దేశమున బాత్ అను పట్టణము గలదు. ఆ పేరునకు స్నానమనియే అర్థము. అచ్చట భూగర్భమునుండి 46 డిగ్రీల వేడిగల నీరు దినమునకు పదకొండు లక్షల లీటర్లకు మించి ఉబుకుచున్నది. ఆ నీరు వేలయేండ్ల క్రిందట వర్షముగా కురిసి, భూమిలోనికి దిగి, అచ్చట కాగి పైకి వచ్చునదే. రోమీయులు దానిని సీసపురేకులు పఱచిన పెద్ద కొలనులోనికి మళ్లించిరి. ఆ రేకులు నేటికిని చెడలేదు. ఊటలో దొరకిన చిన్న సీసపురేకులు నూటికి పైగా నున్నవి. వానిమీద దేవతకు వ్రాసికొన్న ఫిర్యాదులు గలవు. స్నానము చేయుచుండగా అంగీ దొంగిలిన వానికి నిద్ర పట్టకుండుగాక, ఉంగరము తీసిన వానికి ఆరోగ్యము లేకుండుగాక అని శాపములు. మన వసతిగృహపు స్నానాలగదిలో తువాలు పోగొట్టుకొనిన బాలుడు పదునెనిమిది వందల యేండ్ల క్రిందటి తన మిత్రుని ఇచ్చట గుర్తింపగలడు.

అయితే ఆ కొలనులో ఇప్పుడెవరును దిగరాదు. 1978లో ఆ ఊటనీటిలో ఈదిన బాలిక యొకతె మెదడునకు సోకిన జబ్బుతో మరణించెను. కంటికి కనబడని ఏకకణజీవి వెచ్చనినీటిలో పెరిగి, ముక్కుద్వారా లోనికి పోయినది. వెంటనే స్నానములు ఆపివేయబడెను. పిమ్మట భూమిని మఱింత లోతుగ తొలచి, చెడని నీటిని తీసి, 2006లో వేఱొక స్నానశాల తెరచిరి. ప్రాతకొలను ఆకుపచ్చగ మెఱయుచునే యున్నది; చేయి పెట్టవద్దని సందర్శకులకు చెప్పుచుందురు. నీటి అందము వేఱు, నీటి ఆరోగ్యము వేఱు.

తూర్పుదేశములు ఈ కీలకమును వేఱువేఱు రీతుల గ్రహించినవి. తురుష్కులు ఇస్తాంబూలులో కట్టిన హమాములలో నిలువనీటి కొలనుకంటె పాఱునీటికే ప్రాధాన్యము. వెచ్చని ఱాతితిన్నెపై కూర్చుండి, గోడనున్న ఱాతితొట్టినుండి నీరు ముంచి పోసికొందురు. ఒకరి ఒంటినీరు మఱియొకరికి అంటదు. 1556లో సినాన్ అను మహాశిల్పి సుల్తాను భార్యయైన హుర్రెం పేర కట్టిన హమాము హాగియా సోఫియా ప్రక్కన నేటికిని ఉన్నది. అందు పురుషులకొకటి, స్త్రీలకొకటి సరిసమానముగ రెండు భాగములు కట్టబడినవి. జపానువారిది వేఱొక నియమము. మత్సుయామా పట్టణమున 1894లో మూడంతస్తుల కొయ్యభవనముగా కట్టబడిన దోగో స్నానశాలలోనైనను, వీధిలోని చిన్న స్నానశాలలోనైనను, ముందు వెలుపల కూర్చుండి సబ్బుతో ఒడలంతయు తోముకొని, నురుగంతయు కడిగికొనినగాని తొట్టిలో దిగరాదు. తొట్టి మురికి వదలించుకొనుటకు కాదు, తరువాత వచ్చువాని కొఱకు శుభ్రముగ నుంచుటకు. ఇది చట్టముకంటె గొప్పదైన మర్యాద.

పేదవారి స్నానమును గుఱించి ఒక పేదరాలు చేసిన పనిని ఇచ్చట చెప్పకపోయిన ఈ వ్యాసము వ్యర్థము. ఆమె పేరు కిట్టీ విల్కిన్‌సన్. ఐర్లండున పుట్టి లివర్పూలు నగరమున కూలిపని చేసి బ్రదికిన స్త్రీ. 1832లో ఆ నగరమున కలరా ప్రబలెను. ఆ వీధులలో నీళ్లు కాచుకొను పెద్దకాగు ఆమె వంటింటిలో మాత్రమే యుండెను. కలరా నీటిద్వారా వ్యాపించునని అప్పటి వైద్యులకు సయితము తెలియదు. ఆమె మాత్రము ఇరుగుపొరుగువారి దుప్పట్లను, బట్టలను తన యింటికి తెచ్చికొని ఉతుకుకొనుడని పిలిచెను. వారమునకు ఒక పెన్నీ యిచ్చిన చాలును. సున్నపు క్లోరైడు కలిపి, వేడినీట బట్టలు ఉడికించుట నేర్పెను. ఆ వంటిల్లే విత్తనమై, 1842లో ఫ్రెడరిక్ వీధిలో బట్టలుతుకు చోటు గల ప్రజాస్నానశాల తెరవబడెను. 1846లో ఆమెయు భర్తయు దానికి పర్యవేక్షకులుగ నియమింపబడిరి. ఆ సంవత్సరమే పురపాలకసంఘములు పేదలకు స్నానశాలలు కట్టించుటకు అధికారమిచ్చు చట్టమును పార్లమెంటు చేసెను. చక్రవర్తులు పాలఱాతితో చేసినది ఆమె ఒక కాగుతో ఆరంభించెను.

ఇంతవఱకు మొదటి ప్రశ్నయే ముందు నడచినది. ఇక రెండవదానికి వత్తము. ఆస్ట్రేలియాలో మోరీ అను ఊర 1895లో భూమిని తొలవగా వేడినీరు పొంగెను; ఊరివారు స్నానశాల కట్టుకొనిరి. దూరదేశములనుండి రోగులు వచ్చి మునిగెడివారు. 1955లో ఊరి పాలకసంఘము ఆ దేశపు ఆదివాసులను అందు దిగనీయరాదని తీర్మానించెను. ఆ నేలయు, నేలక్రింది నీరును వేలయేండ్లుగ ఎవరివో, వారికే వాకిలి మూయబడినది. 1965 ఫిబ్రవరిలో చార్లెస్ పెర్కిన్స్ అను ఆదివాసి విద్యార్థియు, సిడ్నీ విశ్వవిద్యాలయపు అతని సహాధ్యాయులును ఒక బస్సులో వచ్చి, ఆదివాసి పిల్లలను వెంటబెట్టుకొని వాకిట నిలిచిరి. గుంపు వారిపై గ్రుడ్లు, టమాటాలు విసరెను. తుదకు ఆ నిషేధము తొలగెను. 2013లో ఆ స్నానశాలను దేశవారసత్వ స్థలముల జాబితాలో చేర్చిరి. కట్టడము అందమైనదని కాదు, వాకిలి తెరువబడినదని.

దూరదేశపు తప్పులు చూచి మనము ముక్కుమీద వ్రేలు వేసికొనుట సులభము. ఇంటికి వత్తము. కృష్ణాతీరమున నాగార్జునకొండలో ఇక్ష్వాకులు మూడవ నాలుగవ శతాబ్దములయందు నదిలోనికి దిగుటకు నున్నని ఱాతిపలకలతో కట్టించిన స్నానఘట్టము మన తెలుగువారి శిల్పమునకు గర్వకారణము. సాగరు జలాశయము కట్టునప్పుడు మునిగిపోవలసిన కట్టడములలో కొన్నింటిని విప్పి, కొండమీద మరల నిలిపిరి. ఈ ఘట్టమును అట్లే రక్షించిరి. ఱాళ్లను కాపాడుట మనకు తెలియును.

ఇక మా నాయనమ్మగారి మాట చెప్పుదుము. ఆమె చిన్నతనమున వారి పల్లెలో చెఱువునకు రెండు రేవులుండెడివి. ఱాతిమెట్లు గలది ఊరివారిది. పశువులు దిగునది పశువులది. మా వారికి మూడవ రేవు లేదు గనుక పశువులు లేచిపోయిన పిమ్మట ఆ బురదలోనే స్నానము. త్రాగు నీటికి బిందె నేలపై నుంచి, మెట్లకు దూరముగ నిలువబడి, "అమ్మగారూ, కాసిని నీళ్లు పొయ్యండమ్మా" అని వేడుకొనవలెను. దయగల తల్లి వచ్చిన నీళ్లు దొరకెడివి. రానినాడు పొద్దెక్కువఱకు ఎండలో నిలువబడవలెను. బేతెస్ద కోనేటి కథ చదివినప్పుడెల్ల ఆమె కండ్లు తుడుచుకొనెడిది. చిన్నవారమైన మాకు కారణము తెలిసెడిది కాదు. ఇప్పుడు తెలియుచున్నది. ఆ రోగిని ఆమె ఎఱుగును.

ఆ దుఃఖము ఆమెది మాత్రమే కాదు. 1927 మార్చి 20వ తేదీన డాక్టరు అంబేడ్కరు గారు వేలకొలది జనులతో మహాద్ పట్టణపు చవదారు చెఱువునకు నడచిపోయి, దోసిలితో నీరు త్రాగిరి. అది ప్రజల చెఱువు. అందఱకు తెరవవలెనని పురపాలకసంఘము 1924లోనే తీర్మానించియుండెను. అయినను త్రాగినవారిని కొట్టిరి, చెఱువును శుద్ధి చేసిరి. వ్యాజ్యము పదియేండ్లు నడచి, 1937లో బొంబాయి ఉన్నతన్యాయస్థానమున వారికి అనుకూలముగ తేలెను. పిమ్మట అంబేడ్కరుగారు ముసాయిదా సంఘమునకు అధ్యక్షులై కూర్చిన రాజ్యాంగము 1950 జనవరి 26న అమలులోనికి వచ్చెను. దాని 15వ అధికరణము తీసి చదువుడు. మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము కారణముగ ఎవరికిని అడ్డు పెట్టరాని చోట్లలో బావులు, చెఱువులు, స్నానఘట్టములు పేరుపేరున చెప్పబడియున్నవి. మహారాజ్యాంగములో స్నానఘట్టము ఎందుకని ఎవరైన అడిగిన మా నాయనమ్మగారి బిందెను జ్ఞాపకము చేసికొనుడు.

ఆ బాలునకు ఇప్పుడు ఉత్తరము చెప్పగలము. నాయనా, మొహెంజొదారోలో ఎవరెవరు స్నానము చేసిరో ఇటుకలు చెప్పవు. నీ ప్రశ్న మాత్రము అన్ని ఊళ్లలో అడుగదగినది. అది ఇటుకలను గుఱించినది కాదు, మనుష్యులను గుఱించినది. నీవు లేచి అడిగినందుకు నీకు కృతజ్ఞులము. నవ్విన వారు ఈ వ్యాసము రెండుసార్లు చదువుదురుగాక.

మన పాఠశాల ఆవరణములో పాలఱాతి స్నానశాల లేదు. వసతిగృహము వెనుక ఒక సిమెంటుతొట్టి, దానికి ఎనిమిది కుళాయిలు, వాడిననీరు అరటిచెట్లకు పోవు కాలువ మాత్రము గలవు. ఉదయమున గంట కొట్టగానే పెద్దపిల్లలు ముందుకు త్రోసికొని వచ్చి, చిన్నపిల్లలు బొక్కెనలు పట్టుకొని గోడప్రక్కన నిలిచియుండుట మేము చూచియున్నాము. ఇకమీదట ఆ కాలువ ఎన్నడును పూడకుండుగాక. తొట్టిలో మురికిచేయి ఎవరును ముంచకుందురుగాక. క్రొత్తగా చేరిన ఆరవ తరగతి పిల్లవాడు నీటిప్రక్కన నిలువబడి, తనకెవరును లేరని అనుకొను దినము మన పాఠశాలలో రాకుండుగాక.